ఆలివర్ హెవిసైడ్

విద్యుచ్ఛక్తి మానవుని సేవకు వచ్చిన తొలి దినములలో దానికి అప్పగింపబడిన పని వార్తలను మోయుట. 19వ శతాబ్దపు మధ్యభాగమున పశ్చిమ దేశములందు స్తంభములు పాతి తంతి తీగలను ఊరినుండి ఊరికి సాగదీసిరి. రాగి తీగలకు నీరు చొరని తొడుగు వేసి సముద్రపు అడుగున పరచిరి. అట్టి కేబుల్ 1866వ సంవత్సరమున అట్లాంటిక్ మహాసముద్రమును దాటెను. 1870వ సంవత్సరమున మన బొంబాయి తీరమును చేరెను. ఒక కొనయందు మీట నొక్కినచో వేల మైళ్ల దూరమున రెండవ కొనయందు సూది కదలుచుండెను. కాని నడుమనున్న తీగలో ఏమి జరుగుచున్నదో చక్కగా ఎరిగినవారు బహు కొలదిమంది. ఆ సంగతిని గణితముతో తేటపరచి, కంటికి కనబడని విద్యుత్తు నడకకు కాగితముపై నమూనా నిర్మించిన మేధావి ఆలివర్ హెవిసైడ్. నేడు మిక్కిలి వేగముగా పనిచేయు ట్రాన్సిస్టరులను రూపొందించు ఇంజనీర్లు సైతము ఆయన చూపిన త్రోవనే నడచుచున్నారు.

హెవిసైడ్ 1850వ సంవత్సరము మే నెల 18వ తేదీన లండను నగరమునందలి కాండెన్ టౌన్ అను పేటలో జన్మించెను. నలుగురు అన్నదమ్ములలో ఆయన కడపటివాడు. తండ్రి థామస్ కొయ్యదిమ్మలపై బొమ్మలు చెక్కి జీవించువాడు. ఆ దిమ్మలతోనే ఆ కాలపు పత్రికలలో చిత్రములను అచ్చువేయుచుండిరి. ఆ వృత్తివలన వచ్చు రాబడి కుటుంబమునకు చాలీచాలకుండెను. దీనికి తోడు ఆలివర్‌కు పసితనముననే స్కార్లెట్ జ్వరము సోకి, వినికిడి చాలవరకు తగ్గిపోయెను. తోడి బాలుర మాటలు ఆ పిల్లవానికి వినబడెడివి కావు. ఆటలలో వారితో కలియుట కష్టమయ్యెను. తరువాత కొన్ని ఏండ్లకు చెవులు కొంత నయమైనను, చిన్ననాట అలవడిన ఏకాంతము జన్మాంతము విడువలేదు.

బడిలో ఆలివర్ తెలివిగల విద్యార్థియే. 1865వ సంవత్సరమున జరిగిన ఒక పెద్ద పరీక్షలో ఐదువందలకు పైబడిన విద్యార్థులలో అతడు ఐదవవాడుగా నిలిచెను. కాని యూక్లిడ్ రేఖాగణితములో మాత్రము మార్కులు మిక్కిలి తక్కువగా వచ్చెను. ఒకరు ముందే వేసిన మెట్లమీద ఒక్కొక్క అడుగే వేయుచు పోవుట అతనికి రుచించెడిది కాదు. తన త్రోవ తానే వెదకికొనవలెనని అతని స్వభావము. పదునారవ ఏట బడిచదువు ముగిసెను. పై చదువులకు ఇంటిలో ధనము లేకుండెను. అటుపై ఆయన నేర్చినదంతయు గ్రంథాలయములందును, తన గదియందును స్వయముగా నేర్చినదే.

అదృష్టవశమున కుటుంబమునకు ఒక పెద్ద దిక్కు కలదు. తల్లి రేచెల్ సోదరి భర్త సర్ చార్లెస్ వీట్‌స్టన్. ఇంగ్లండు దేశమున తంతి యంత్రమును కనిపెట్టినవారిలో ఒకడగు ఆ శాస్త్రజ్ఞుడు, ఆ కుటుంబపు బిడ్డల యెడ శ్రద్ధ వహించెను. ఆయన సలహా ననుసరించి ఆలివర్ మోర్స్ సంకేతములను, జర్మను, డేనిష్ భాషలను అభ్యసించెను. అన్న ఆర్థరు అప్పటికే న్యూకాసిల్ నగరమున తంతి పనిలో ప్రవేశించియుండెను. ఆలివర్ కొంతకాలము అన్నకు తోడుగా నుండి, 1868వ సంవత్సరమున ఇంగ్లండు డెన్మార్కుల నడుమ వేయబడిన కేబుల్‌పై వార్తలు పంపు ఉద్యోగమునకై డెన్మార్కునకు వెళ్లెను. రెండేండ్లకు మరల న్యూకాసిల్ చేరి, అచటి తంతి కార్యాలయమున ముఖ్యుడుగా పనిచేసెను.

ఉద్యోగము చేయువారు సాధారణముగా వార్త చేరినదా లేదా అని మాత్రమే చూతురు. హెవిసైడ్ అది ఎట్లు చేరినదని యోచించెను. ఆ కేబుల్‌పై ఒక దిక్కునకు వార్తలు వేగముగా పోవుచుండగా, ఎదురు దిక్కున అంత వేగముగా పంపుటకు వీలుపడకుండెను. తీగ ఒక్కటే, సముద్రము ఒక్కటే, మరి భేదమేల కలుగవలెను? ఈ ప్రశ్న పలువురకు తట్టియుండవచ్చును. హెవిసైడ్ దానిని గణితమునకు ఎక్కించెను. కేబుల్ రెండు చివరల కలిపిన నేలమీది తీగలయొక్క, సాధనములయొక్క నిరోధములు సమానముగా లేకుండుటయే ఈ వ్యత్యాసమునకు కారణమని 1877వ సంవత్సరమున ప్రకటించిన వ్యాసమున నిరూపించెను.

ఇంతకు పూర్వమే, 1873వ సంవత్సరమున, ఆ బంధువు పేర ప్రసిద్ధమైన వీట్‌స్టన్ బ్రిడ్జి అను కొలత సాధనమును ఎట్లు అమర్చినచో కొలత మిక్కిలి సూక్ష్మముగా వచ్చునో తెలుపుచు ఆయన ఒక వ్యాసము వ్రాసెను. అది విలియం థామ్సన్, జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ వంటి మహాశాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించెను. అదే సంవత్సరమున మాక్స్‌వెల్ రచించిన విద్యుదయస్కాంత శాస్త్ర గ్రంథము వెలువడెను. హెవిసైడ్ దానిని చేతికి తీసికొని పుటలు త్రిప్పెను. అందు సగము కూడ ఆయనకు అర్థము కాలేదు. బడిలో నేర్చిన బీజగణితము, త్రికోణమితి దాటి ఆయనకు గణితము రాదు. అయినను ఆ గ్రంథమునందు అపారమైన శక్తి దాగియున్నదని గుర్తించి, దానిని పూర్తిగా వశపరచుకొనవలెనని నిశ్చయించుకొనెను. 1874వ సంవత్సరమున, ఇరువది నాలుగేండ్ల ప్రాయమున, మంచి జీతము వచ్చు ఉద్యోగమును విడిచి లండనులోని తల్లిదండ్రుల ఇల్లు చేరెను. ఆ పిమ్మట ఆయన మరి ఏ ఉద్యోగమును చేయలేదు. తలుపులు బిగించిన చిన్న గదిలో దీపము ముందు కూర్చుండి, ఏండ్ల తరబడి గణితమును, విద్యుచ్ఛాస్త్రమును మథించెను.

హెవిసైడ్ చేసిన మొదటి గొప్పపనిని తెలిసికొనుటకు, ఆయనకు ముందు శాస్త్రజ్ఞులు తంతి కేబుల్‌ను ఎట్లు భావించుచుండిరో ఎరుగవలెను. విలియం థామ్సన్ 1855వ సంవత్సరమున కేబుల్‌ను గురించి ఒక సిద్ధాంతము చెప్పెను. ఇనుపకడ్డీ ఒక కొనను నిప్పులో ఉంచినచో వేడి రెండవ కొనకు మెల్లమెల్లగా ప్రాకును. కేబుల్‌లో విద్యుత్తు కూడ అట్లే ప్రాకునని ఆ సిద్ధాంతము. అందు రెండు గుణములకే చోటు కలదు. ఒకటి నిరోధము, అనగా ప్రవాహమును అడ్డగించు గుణము. రెండవది ధారణశక్తి, అనగా కుండ నీటిని పట్టియుంచునట్లు విద్యుత్తును పట్టియుంచు గుణము. అట్లాంటిక్ కేబుల్‌పై మెల్లగా పంపు సంకేతములకు ఈ రెండు గుణముల లెక్క చక్కగా సరిపోయెను. అందుచేత ఇంజనీర్లు దానినే శాశ్వత సత్యముగా భావించిరి.

తీగకు మరియొక గుణము కలదు. బరువెక్కిన బండిని కదలించుట కష్టము. కదలిన పిమ్మట ఆపుటయు కష్టమే. విద్యుత్ప్రవాహమును తీగచుట్టునున్న అయస్కాంత క్షేత్రము ఈ రీతిగనే పట్టియుంచును. దీనికి స్వయంప్రేరణము అని పేరు. కేబుల్ సంకేతముల వేగములో ఇది అత్యల్పము కావున థామ్సన్ దీనిని విడిచిపెట్టెను. 1876వ సంవత్సరమున హెవిసైడ్ దీనిని మరల లెక్కలో చేర్చెను. తరువాత, తొడుగుగుండ బయటకు కారిపోవు విద్యుత్తును కూడ చేర్చెను. ఇట్లు తీగ యొక్క నాలుగు గుణములు ఒక్క సమీకరణములో ఇమిడెను. ఎంత పొడవైన తీగనైనను చిన్న చిన్న తునకల గొలుసుగా భావించి, ఒక్కొక్క తునకకు ఈ నాలుగు గుణములను కొలతప్రకారము కట్టి, తీగ మొత్తము ఎట్లు నడచుకొనునో కాగితముపై లెక్కింపవచ్చునని తేలెను. దీని ఫలితము ఆశ్చర్యకరము. స్వయంప్రేరణమును చేర్చగనే విద్యుత్తు వేడివలె ప్రాకుట మాని, అలవలె పరుగిడుట మొదలిడెను. వాస్తవముగా తీగలో అది నడచు తీరు అదియే.

ఆ 1876వ సంవత్సరముననే అలెగ్జాండర్ గ్రాహంబెల్ టెలిఫోనును లోకమునకు చూపెను. దానితో తీగలకు కొత్త పరీక్ష వచ్చిపడెను. కేబుల్ వార్త మెల్లగా పోవు కొలది గురుతుల వరుస. మనుష్యుని కంఠధ్వనియో, సెకనుకు కొన్ని వందలు మొదలు కొన్ని వేల వరకు స్పందనములు గల మంద్రస్వరముల, తారస్వరముల మిశ్రమము. దూరపు తీగలో మంద్రస్వరములు మెల్లగను, తారస్వరములు త్వరగను పోవుచుండెను. దారిలో తారస్వరములే ఎక్కువగా క్షీణించుచుండెను. అందువలన కొన్ని మైళ్లు దాటునప్పటికి మాట మాటగా నుండక గొణుగుడుగా మారిపోవుచుండెను. మెల్లని సంకేతములకు చాలిన పాత నమూనా ఈ వేగమునకు చాలలేదు. నెమ్మదిగా పనిచేయునపుడు లెక్కకు రాని గుణమే వేగము పెరిగినకొలది ప్రధానమగునని హెవిసైడ్ గ్రహించెను.

ఆయన తన సమీకరణమును నిశితముగా పరిశీలించి 1887వ సంవత్సరమున ఒక నియమమును కనుగొనెను. తీగ యొక్క స్వయంప్రేరణమునకు నిరోధమునకు గల నిష్పత్తి, ధారణశక్తికి కారుదలకు గల నిష్పత్తితో సమానమైనచో, అన్ని స్వరములును ఒకే వేగముతో పోవును. ఒకే పాలున తగ్గును. అప్పుడు అవతలి కొన చేరు ధ్వని సన్నగిల్లును గాని రూపము చెడదు. పటమును చిన్నదిగా చేసినను ముఖపు పోలిక మారకుండుట వంటిదే ఇదియు. మామూలు తీగలలో స్వయంప్రేరణము ఉండవలసినదానికంటె తక్కువ. కావున టెలిఫోను మాట దూరము పోవలెనన్నచో స్వయంప్రేరణమును పెంచవలెను. తీగవెంట దానిని చేర్చుట మేలని ఆయన చెప్పెను.

ఈ మాట అప్పటి పెద్దల అభిప్రాయమునకు పూర్తిగా విరుద్ధము. బ్రిటిష్ తపాలాశాఖలో ప్రధాన విద్యుత్ నిపుణుడుగానున్న విలియం హెన్రీ ప్రీస్, స్వయంప్రేరణము టెలిఫోనుకు శత్రువనియు, దానిని సాధ్యమైనంత తగ్గించవలెననియు బోధించుచుండెను. ఆయన అనుభవశాలి, పలుకుబడి గలవాడు. గణితముపై ఆయనకు విశ్వాసము తక్కువ. ఆలివర్ అన్న ఆర్థరు ప్రీస్ క్రింద పనిచేయు ఇంజనీరు. అన్నదమ్ములిద్దరు కలిసి టెలిఫోనును గురించి వ్రాసిన వ్యాసమును ప్రకటించుటకు 1887వ సంవత్సరమున ప్రీస్ అనుమతి ఈయలేదు. అన్నకు ఉద్యోగ భయము, ఆయన మిన్నకుండెను. తమ్మునికి ఉద్యోగము లేదు. పోగొట్టుకొనవలసినది ఏదియు లేదు. ఆయన పోరాటమునకు దిగెను. కాని ఆ సంవత్సరముననే, ఆయన ఐదేండ్లుగా వ్యాసములు వ్రాయుచున్న ఎలక్ట్రీషియన్ పత్రికకు సంపాదకుడు మారెను, వ్యాసపరంపర ఆగిపోయెను. ఆ కొద్దిపాటి ప్రతిఫలము కూడ నిలిచిపోయెను.

అయినను సత్యము ఎంతోకాలము మరుగుపడియుండలేదు. 1888వ సంవత్సరమున జర్మను శాస్త్రజ్ఞుడు హైన్రిచ్ హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగములను ప్రయోగముద్వారా లోకమునకు చూపెను. మాక్స్‌వెల్ సిద్ధాంతము నిజమని ఋజువయ్యెను. ఆ సిద్ధాంతమును అందరికంటె లోతుగా తెలిసినవాడు హెవిసైడ్ అని శాస్త్రజ్ఞులు అప్పుడు గుర్తించిరి. ఏలయనగా మాక్స్‌వెల్ ఇరువది సమీకరణములలో చెప్పిన విషయమును హెవిసైడ్ 1884, 1885 సంవత్సరములలో నాలుగు సమీకరణములలోనికి కుదించియుండెను. నేడు విద్యార్థులు మాక్స్‌వెల్ సమీకరణములను పేర నేర్చునవి హెవిసైడ్ దిద్దిన రూపములే. 1889వ సంవత్సరమున విలియం థామ్సన్ విద్యుత్ ఇంజనీర్ల సంఘమునకు అధ్యక్షుడుగా ఉపన్యసించుచు హెవిసైడ్ కృషిని కొనియాడెను. తన పాత సిద్ధాంతమును దాటి ముందునకు పోయినవానిని ఆ మహానుభావుడు మనసార మెచ్చుకొనెను. 1891వ సంవత్సరమున రాయల్ సొసైటీ హెవిసైడ్‌ను సభ్యునిగా ఎన్నుకొనెను.

విద్యుత్ వలయములను గురించి మాటలాడుటకు కావలసిన పదములను సైతము ఆయనయే సృష్టించెను. ఇండక్టెన్సు, కండక్టెన్సు, ఇంపిడెన్సు మొదలగు పేర్లు 1885వ సంవత్సరము మొదలుకొని ఆయన వ్యాసములనుండి వెలువడినవే. వేగముగా దిశ మారు విద్యుత్తు తీగ నడిబొడ్డున పారక ఉపరితలమున పలుచని పొరలోనే పారునని కూడ ఆయన 1885వ సంవత్సరమున వివరించెను. స్పందనములు పెరిగినకొలది ఆ పొర పలుచనగును. తీగ నిరోధము పెరుగును. ఒకే తీగ వేగమును బట్టి వేరు తీగవలె వర్తించునని దీనివలన స్పష్టమయ్యెను.

లెక్కలను సులభముగా సాధించుటకు హెవిసైడ్ ఒక కొత్త పద్ధతిని కూడ కల్పించెను. కాలముతోపాటు మారు రాశులను గురించిన కఠిన సమీకరణములను ఆయన బీజగణితపు సామాన్య సమీకరణములవలె మార్చి, త్రుటిలో సాధించుచుండెను. ఫలితములు సరిగా వచ్చుచుండెను గాని, పద్ధతి ఎందుకు సరియైనదో ఆయన నియమబద్ధముగా నిరూపింపలేదు. గణిత పండితులు దీనికి సమ్మతింపలేదు. రాయల్ సొసైటీ ఆ వ్యాసములో రెండు భాగములను 1893వ సంవత్సరమున ప్రకటించి, మూడవ భాగమును మరుసటి యేడు నిరాకరించెను. తరువాతి కాలపు గణితజ్ఞులు ఆ పద్ధతికి గట్టి పునాదులు వేసిరి. నేడు అది వేరు రూపమున ఇంజనీరింగు విద్యార్థులందరకు పాఠ్యవిషయము.

దూరపు టెలిఫోను తీగలను గురించి ఆయన చెప్పినది ఇంగ్లండులో కాక అమెరికాలో మొదట ఫలించెను. అచటి టెలిఫోను కంపెనీ ఇంజనీరు జార్జి కాంప్‌బెల్, కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు మైకేల్ పుపిన్, ఇంచుమించు ఒకే కాలమున హెవిసైడ్ సిద్ధాంతమును ఆధారము చేసికొని, తీగవెంట సమదూరములలో తీగచుట్టలను అమర్చి స్వయంప్రేరణమును పెంచు విధానమును రూపొందించిరి. పుపిన్‌కు 1900వ సంవత్సరమున పేటెంటు లభించెను. టెలిఫోను కంపెనీ దానిని పెద్ద మొత్తమునకు కొనెను. అట్టి చుట్టల సహాయమున 1911వ సంవత్సరమునాటికి న్యూయార్కు నుండి డెన్వరు వరకు, సుమారు 2000 మైళ్ల దూరము, మాట వినబడెను. పేటెంటు తీసికొనని హెవిసైడ్‌కు దానివలన ఒక్క కాసైనను లభింపలేదు.

ఆయన దారిద్ర్యము అంతకంతకు హెచ్చెను. 1889వ సంవత్సరమున తల్లిదండ్రులతో కూడ డెవన్ సీమలోని పెయిన్టన్ అను సముద్రతీరపు పట్టణమునకు వెళ్లి, అచట వాద్యముల దుకాణము నడుపుచున్న అన్న చార్లెస్ ఇంటిలో నివసించెను. 1894వ సంవత్సరమున తల్లి, 1896వ సంవత్సరమున తండ్రి మరణించిరి. ఆయన దానము పుచ్చుకొనువాడు కాడని ఎరిగిన మిత్రులు, శాస్త్రజ్ఞులగు ఫిట్జ్‌జెరాల్డ్, పెర్రీ, లాడ్జి, ఆయన కృషికి గుర్తింపుగా ప్రభుత్వము ఏటికి 120 పౌనుల భృతి నిచ్చునట్లు 1896వ సంవత్సరమున ఏర్పాటు చేయించిరి. 1908వ సంవత్సరమున ఆయన టార్కీ పట్టణమునకు నివాసము మార్చెను. చెవుడు, అనారోగ్యము, ఏకాంతము ఆయనను లోకమునకు మరింత దూరము చేసెను.

ఇట్టి స్థితిలోను ఆయన బుద్ధి మందగింపలేదు. 1901వ సంవత్సరము డిసెంబరులో మార్కోని అట్లాంటిక్ సముద్రముమీదుగా నిస్తంత్రి సంకేతమును అందుకొనెను. తరంగములు తిన్నగా పోవునవి, భూమియో గుండ్రనిది, అవి భూమి వంపు ననుసరించి ఎట్లు పోయెను? ఆకాశమున చాల ఎత్తున విద్యుద్వాహకమైన ఒక పొర ఉండి తరంగములను క్రిందికి మరలించుచున్నదని 1902వ సంవత్సరమున అమెరికాలో కెన్నెలీ, ఇంగ్లండులో హెవిసైడ్ వేరువేరుగా ఊహించిరి. 1924వ సంవత్సరము డిసెంబరులో ఆపిల్టన్, బార్నెట్ అను శాస్త్రజ్ఞులు ఆ పొర ఉనికిని ప్రయోగముచే నిరూపించిరి.

గౌరవములు ఆలస్యముగానైనను వచ్చెను. 1905వ సంవత్సరమున జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టము నిచ్చెను. విద్యుత్ ఇంజనీర్ల సంఘము ఫారడే పతకమును నెలకొల్పి, 1922వ సంవత్సరమున మొట్టమొదటి పతకమును ఆయనకే ప్రసాదించెను. 1925వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన హెవిసైడ్ టార్కీలో మరణించెను. పెయిన్టన్ శ్మశానవాటికలో తల్లిదండ్రుల చెంతనే ఆయనను సమాధి చేసిరి.

ఆయన గతించిన ఇరువదిరెండేండ్లకు, 1947వ సంవత్సరము డిసెంబరులో, అమెరికా టెలిఫోను కంపెనీకి చెందిన బెల్ పరిశోధనాలయమున ట్రాన్సిస్టరు జన్మించెను. చిన్న విద్యుత్సంకేతమును పెద్దదిగా చేయు ఈ సాధనము క్రమముగా మిక్కిలి చిన్నదై, మిక్కిలి వేగవంతమయ్యెను. నేటి సెల్ ఫోనులలోను, రాడారులలోను సెకనుకు వందల, వేల కోట్ల స్పందనములు గల సంకేతములను ట్రాన్సిస్టరులు నడుపుచున్నవి. అట్టి సాధనములతో ఒక వలయమును తయారుచేయుటకు కాలము, ధనము విశేషముగా వ్యయమగును. కావున ఇంజనీర్లు ముందుగా ట్రాన్సిస్టరునకు ఒక నమూనాను నిర్మింతురు. అనగా దాని స్థానమున నిరోధములు, ధారణశక్తులు, స్వయంప్రేరణములు, ప్రవాహమును పుట్టించు మూలములు గల ఒక వలయమును ఊహించి, కంప్యూటరునందు దానిని నడిపించి చూతురు. 1970వ సంవత్సరమున బెల్ పరిశోధనాలయమున గమ్మెల్, పూన్ అనువారు ట్రాన్సిస్టరునకు అట్టి ప్రసిద్ధమైన నమూనాను రచించిరి. 1973వ సంవత్సరమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖలో స్పైస్ అను లెక్కింపు ప్రోగ్రాము వెలువడెను. తీగను తునకలుగా విభజించి హెవిసైడ్ చేసిన లెక్కకు, ఈ లెక్కకు మూలసూత్రము ఒక్కటే.

హెవిసైడ్‌కు ఎదురైన చిక్కే ఈ ఇంజనీర్లకును ఎదురగుచున్నది. ట్రాన్సిస్టరును వెలుపలి వలయముతో కలుపు సన్నని తీగ ఒక మిల్లీమీటరు పొడవుండినచో, దాని స్వయంప్రేరణము హెన్రీ అను కొలతలో సుమారు వంద కోట్లవ వంతు. సెకనుకు 1000 స్పందనములు గల సంకేతమునకు ఆ తీగ చూపు అడ్డంకి ఓములో లక్షవ వంతు కూడ కాదు. సెకనుకు 100 కోట్ల స్పందనములకు అది సుమారు 6 ఓములు. 1000 కోట్ల స్పందనములకు సుమారు 63 ఓములు. మెల్లని సంకేతమునకు లేనట్లే ఉన్న తీగముక్క వేగమైన సంకేతమునకు గోడవలె అడ్డునిలుచును. దానిని నమూనాలో చేర్చని ఇంజనీరు లెక్క కాగితముపై సరిగానుండి, తయారైన సాధనమున తప్పును. అందుచేత వారు ట్రాన్సిస్టరును అనేక వేగములలో కొలిచి, నమూనా చెప్పు ఫలితమును కొలతతో పోల్చి, రెండును కలియునంతవరకు నమూనాను దిద్దుదురు.

పెద్దలు విడిచిపెట్టిన గుణమని హెవిసైడ్ దేనిని ఉపేక్షింపలేదు. అధికారులు కాదన్నారని తన లెక్కను మార్చలేదు. వేగము పెరిగినపుడు చిన్నది పెద్దదగునని ఆయన చూపెను. ప్రకృతిని గూర్చి మనము నిర్మించు ఏ నమూనాయైనను కొలతకు నిలిచినంతవరకే సత్యము. దానికి పదవి పునాది కాదు; సంపద పునాది కాదు. చెవులు సరిగా వినబడని ఆ పేద విద్వాంసుడు, దూరదేశముల మానవులు ఒకరి మాట నొకరు స్పష్టముగా వినుటకు కావలసిన గణితమును లోకమునకు ఇచ్చిపోయెను.